మగ్గానికి పెట్టిన విస్తరి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఏ విషయం మీదైనా పది సూచనలు రాయగలిగినవాడికి ఆ విషయం వచ్చినట్టేనని. వరంగల్‌లో ఒక పత్రిక డెస్కులో చేరి నాలుగు నెలలైంది. దసరాకు ముందు వారం, పండుగకు ఇంటికి వెళ్లలేనివారు తమను తాము ఎలా చూసుకోవాలో చెప్పే వ్యాసం నా వంతుకొచ్చింది. సరుకులు ముందే తెచ్చుకోండి, వేళకు తినండి, ఇరుగుపొరుగుతో మాట్లాడండి, ఇంటివాళ్లకు నిజం చెప్పండి అని ఎంతో అనుభవం ఉన్నవాడిలా రాశాను. అది అచ్చయిన మర్నాడే, కొత్తవాళ్లకు పండుగ సెలవు లేదని ఇన్‌చార్జి చెప్పాడు. (వ్యాసం బాగుందని కూడా చెప్పాడు.)

డోర్నకల్‌లో ఉన్న మా బాపుకు ఇది అందివచ్చిన అవకాశం. రైల్వేలో పనిచేసే ఆయనకు నేనూ రైల్వే పరీక్ష రాయాలని కోరిక. పత్రిక ఉద్యోగం కడుపు నింపదని వాదన. చివరికి అమ్మ ఒక ఒప్పందం కుదిర్చింది. పండుగ మూడు రోజులూ నేను వేళకు వండుకుని తింటే ఉద్యోగంలో ఉండవచ్చు, పస్తులుంటే సంచి సర్దుకుని రావాలి. రుజువుగా దసరా మధ్యాహ్నం నా విస్తరి ఫొటో పంపాలి. నవ్వుతూ ఒప్పుకున్నాను. పది సూచనలు రాసినవాణ్ణి కదా!

రోజూ తినే మెస్‌కు తాళం పడుతుందని నాకు తోచనే లేదు. మెస్ నడిపేవాడికీ ఒక ఊరు, ఒక అమ్మ ఉంటాయన్న సంగతి నా సూచనల్లో ఎక్కడా లేదు. రెండు రోజులు బన్నులతో, అరటిపళ్లతో గడిచాయి. దసరా రోజు కొత్త కరెంటు కుక్కర్‌లో బియ్యం పెట్టి, కాసేపటికి మూత తీస్తే, గోడకు పోస్టర్లు అంటించే మైదాలాంటిదేదో కనిపించింది.

నేనుండేది కొత్తవాడలో ఒక నేత కుటుంబం ఇంటి మీది గదిలో. కింద ఉండే భార్యాభర్తలను వీధంతా పెద్దమ్మ, పెద్దబాపు అనే పిలిచేది. పెరుగైనా అడుగుదామని దిగితే ముందు గదిలో ఎవరూ లేరు. నాలుగు నెలలుగా నేను నిద్ర లేచేదే వాళ్ల మగ్గం చప్పుడుకు. ఆ రోజు దానికి పూజ, పనికి సెలవు. చప్పుడుగా మాత్రమే తెలిసిన మగ్గాన్ని అప్పుడే మొదటిసారి దగ్గరగా చూశాను. వేల పోగులు, ఒకటి ఇంకొకదాని మీద పడకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టున్నాయి. పోగును అటూ ఇటూ మోసే నాడెకు పసుపు, కుంకుమ. దాని ముందు విస్తరిలో గారెలు, పులిహోర, పరమాన్నం, ఇంటికొచ్చిన పెద్దమనిషికి వడ్డించినంత మర్యాదగా. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. ఆ తర్వాత (చెప్పడానికి సిగ్గుగానే ఉంది) అవే చేతులతో ఆ విస్తరిని ఫొటో తీసి అమ్మకు పంపాను.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"మంచిగున్నది గని కొడుకా, తినెటోని ఇస్తరి ముంగట ఊదుబత్తి ఎవలు ముట్టిచ్చిండ్రు?"

దోమల కోసమని చెప్పాను.

"దోమలకు పసుపు కుంకుమ సుత పెట్టినవా?"

వెనక నుంచి బాపు గొంతు సంచి సంగతి గుర్తు చేస్తోంది. అంతలో పెరట్లోంచి వచ్చిన పెద్దమ్మ ఎంత విన్నదో తెలియదు, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నేను మీ పిలగాడుండే ఇంటామెను, వదినె. ఫికర్ చెయ్యకు. మగ్గానికి పెట్టిన ఇస్తరి బయటోళ్లకే పెట్టాలె, ఇంటోళ్లం ముట్టొద్దు. మా రివాజు. నిన్ననే పిలిచినం మీవోణ్ణి."

నన్ను ఎవరూ పిలవలేదు. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఆ ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించీ, గారెల పిండి గురించీ అరగంట మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేసేసరికి రైల్వే పరీక్ష ఊసే లేదు. నా బతుకు అంత తేలిగ్గా తేలిపోవడం చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాను. పెద్దమ్మ విస్తరి ముందు పీట వేసింది.

"మూడు దినాలసంది నీ అర్రల గిన్నె సప్పుడు లేదు బిడ్డా. ఒక్క పోగు తెగితే మీ పెద్దబాపు చెయ్యి ఆగుతది. నాకు గంత సుత తెల్వదా?"

వాళ్ల చప్పుడు నేను వింటున్నానని తెలుసు. నా చప్పుడు కూడా వాళ్లు వింటున్నారని ఆ రోజే తెలిసింది.

మరుసటి దసరాకు ఆ అరుదైన ఆచారం మీద కథనం రాద్దామని కొత్తవాడంతా తిరిగాను. ఒక్కరూ విన్నామనలేదు. చివరికి పెద్దబాపును అడిగితే, చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "గసొంటిదేం లేదు బిడ్డా. మీ పెద్దమ్మ ఫోన్ల మాట్లాడుకుంట పుట్టిచ్చింది." ఆ కథనం రాయలేదు.

ఇప్పుడు హనుమకొండలో మా ఇంటి మీది గదిలో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటోంది. మొన్న దసరాకు ఆమెకు దవాఖానలో డ్యూటీ పడి ఊరికి వెళ్లలేదు. రెండు రోజులుగా పైన గిన్నె చప్పుడు లేదు. నా పాత కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, ముందు విస్తరి వడ్డించి, ఆమెను కిందికి పిలిచాను. దీన్ని ఇంటివాళ్లు ముట్టకూడదు, మా ఆచారం అన్నాను, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా. ఆ అమ్మాయి భక్తిగా తలూపి కూర్చుంది. తినే ముందు, వాళ్లమ్మకు పంపాలంటూ ఫోన్ తీసింది.

ఊదుబత్తిని కొంచెం పక్కకు జరిపాను.