నలభై ఇండ్ల బియ్యం

మొన్న ఆదివారం కంఠేశ్వర్‌లో మా సందు చివర కొత్తగా వెలిసిన ప్రార్థన హాలుకు పోయాను. వేదిక మీద పొగ వదిలారు, దోమలకనుకున్నాను, మహిమకట. ఈ ఏడు కారు రావాలని నమ్మేవాళ్లు చేతులెత్తండని తెల్లసూటు ప్రసంగీకుడు అరిచాడు. లేచిన చేతులు చూస్తే షోరూము వాళ్లు కూడా దడుసుకునేవాళ్లు. ఆ తర్వాత కానుకల కోసం తెర మీద స్కాన్ చేసే గళ్ల బొమ్మ వెలిగింది, అందరూ ఫోన్లెత్తారు, నేను ఎందుకో పిడికిలి బిగించుకుని కూర్చున్నాను. ముప్పై నిండని దాన్ని, జ్ఞాపకాలు రాసే వయసు కాదు, కాని ఆ పిడికిలి సంగతి మన ఈడు వాళ్లకైనా చెప్పుకోవాలి.

బోధన్ దగ్గర మా ఊళ్లో చర్చి అంటే రేకుల కప్పు, వాన పడితే ప్రసంగం వినబడదు. ఆ సౌకర్యం ఈ హాల్లో లేదు. మా వాళ్లందరి ఇండ్లల్లో ఒక దేవుని కుండ ఉండేది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు అందులో వేసి, ఆదివారం చర్చిలోని గంపలో పోస్తే, ఆ వారం పొయ్యి వెలగని ఇంటికి ఆ గంప పోయేది. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, రెండు పిడికెళ్లు వేసేది, రెండోది బాపు పేరున. చెరుకు ఫ్యాక్టరీ మూతబడి, బండ్లు తూచే పని పోయినప్పటి నుంచి బాపు చర్చి గడప తొక్కలేదు మరి. ఫ్యాక్టరీ తెరవాలని అందరం మోకాళ్లూనాం. తాళం తుప్పు పట్టింది. అయినా అవ్వ చాప మీద తన పక్కన చోటు వదిలే కూర్చునేది.

"బాపు కన్న ముందు యేసుప్రభువే రెండోసారి వచ్చేటట్టున్నడు అవ్వా" అని నేనంటే, "రానీ, ఆయననే గీడ కూసోబెట్టుకుంట" అనేది.

బాపుది ఇంకో పాట. "నీ దేవునికి గింత ఆకలేందే అవ్వా?"

ఒక వానాకాలం మా ఇంట్లో బియ్యం అయిపోయాయి. శనివారం డబ్బా గీకితే చప్పుడే వచ్చింది, దేవుని కుండలో మాత్రం ఆరు రోజుల బియ్యం. అమ్మ కుండ వైపు చూసింది, బాపూ చూశాడు, అవ్వ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది. "కుండకు సెక్యూరిటీ పెంచిండ్రు" అన్నాను, ఎవరూ నవ్వలేదు. తెల్లారి ఆ బియ్యం పట్టుకుపోయి గంపలో పోసి వచ్చింది. ఆకలిగొన్న మనవరాలి ముందు నుంచి కుండ ఎత్తుకుపోయే ఆ భక్తంటే నాకు అసహ్యం పుట్టింది.

మధ్యాహ్నం సంఘపెద్ద సంచి మోసుకుని వచ్చి మా గడపలో నిలబడి, "ఈ వారం మీ వంతు అన్నా" అన్నాడు. బాపు తలెత్తలేదు. అమ్మ వండింది. నలభై ఇండ్ల బియ్యం: దొడ్డువి, సన్నవి, రేషను కంట్రోలువి, నూకలు, కొన్ని ముద్దయితే కొన్ని పలుకు. బాపు రెండోసారి పెట్టించుకున్నాడు. తింటూ తింటూ, "గిందుల మన గింజలేవో" అన్నాడు.

"నీ పేరు మీద ఏసినయి నీ కంచంలనే ఉంటయి, తిను" అంది అవ్వ.

మర్నాడు పొద్దున్నే బాపు తన పెద్ద చేత్తో కుండలో పిడికెడు వేశాడు. ఇది ఆ హాల్లో చెప్పే సాక్ష్యమైతే, వచ్చే ఆదివారానికి ఏడుస్తూ చర్చికి పరుగెత్తేవాడు, బయట కారు కూడా నిలబడేది. మా బాపు రాలేదు. అవ్వ చివరి ఆదివారం దాకా చోటు వదులుతూనే పోయింది. ఆమెను మట్టి చేసిన తర్వాతి ఆదివారం బాపు చర్చికి వచ్చి, ఆ ఖాళీలోనే కూర్చున్నాడు, అవ్వ కూర్చునే చోటును వదిలిపెట్టి.

ఇప్పుడు అక్కడా గంప లేదు, కానుక డబ్బులు పెట్టడానికి కవర్లిస్తున్నారు. ఇక్కడ నా గదిలో కుక్కర్ పెట్టే ముందు చెయ్యి దానంతటదే ఒక పిడికెడు పక్కకు తీస్తుంది. డబ్బా నిండితే హాలు వాళ్లను అడిగాను. బియ్యం తీసుకోరట, స్కాన్ చేయమన్నారు. అందరినీ వెక్కిరించే నేను, ఆ డబ్బా తలుపు పక్కన పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను.