సున్నపు గోడకు నీళ్లు

ఆ ఆదివారం ఉదయం పది నలభైకి, గోడ కోసం కలిపి ఉంచిన నీళ్లు నేనొక గ్లాసుడు తాగేశాను.

మే నెల. పాత ఢిల్లీలో నేనూ నా భార్యా వారంవారం వెళ్లే చిన్న గ్రంథాలయానికి మరమ్మతు జరుగుతోంది. వరండాలో కుండ నిండా మారేడు గుజ్జు, బెల్లం కలిపిన నీళ్లు కనబడితే షర్బత్ అనుకున్నాను. మేస్త్రి పరుగున వచ్చాడు.

"అరే అంకుల్‌జీ, వో దీవార్ కా హై!"

అది గోడకట. సున్నంలో కలిపితే పట్టు వస్తుందట. నా భార్య నవ్వలేదు.

"తాగండి, తాగండి. లోపలేమైనా పగుళ్లుంటే పూడిపోతాయి."

ఆమె రాజమండ్రిలో తాపీమేస్త్రి కూతురు. గానుగలో రుబ్బిన సున్నం చూస్తే పాళ్లు చెప్పేది.

భవనం గొప్పదేమీ కాదు. ఎవరో వ్యాపారి అతిథుల కోసం కట్టించిన ఒంటి హాలు, ముందు మూడు కమానుల వరండా. తర్వాత దవాఖానా అయింది, ఆ తర్వాత గ్రంథాలయం. పలచటి చిన్న ఇటుకలు, రెండు మూరల మందం గోడలు. మూర లెక్క మా ఆవిడదే. మల్లెపూలు కొలిచినట్టు కొలిచింది.

చిక్కు వెనక గోడతో వచ్చింది. లోపల దాన్ని ఆనుకుని పుస్తకాల బీరువాలున్నాయి. బయటివైపు ఎవరికీ కనబడదు కాబట్టి సిమెంట్ కొట్టేద్దామన్నాడు గ్రంథాలయం ఇన్‌ఛార్జి. సిమెంట్ కొడితే చెమ్మ బయటికి పోలేక పుస్తకాల మీదికి వస్తుందని మా ఆవిడ పట్టుబట్టింది. మేస్త్రి ఆమె పక్షమే. కానీ సున్నాన్ని మూడు వారాలు రెండుపూటలా తడపాలి, రేపట్నుంచి తనకు వేరేచోట పని.

"కౌన్ కరేగా, ఆంటీ?" ఎవరు తడుపుతారని అడిగాడు.

"హమ్ కరేంగే," మేమే చేస్తాం అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

"అంకుల్ ఒప్పుకుంటారా?" అన్నాడు ఇన్‌ఛార్జి హిందీలో.

"గోడ నీళ్లు తాగారుగా. గోడకి నీళ్లు పట్టరా?" అంది ఆమె, అదే భాషలో.

మూడు వారాలు మయూర్ విహార్ నుంచి పొద్దున్నే మెట్రోలో వెళ్లాం, సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాం. స్టేషన్లో గార్డు రోజూ మా సంచిలోని చెంబు పైకెత్తి, "కౌన్ సా మందిర్?" అని ఏ గుడికో అడిగేవాడు. లైబ్రరీ అంటే నమ్మేవాడు కాదు.

వానలు మొదలయ్యాక ఆమె బీరువా వెనక చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. నాచేత కూడా పెట్టించింది.

ఆమె పోయి రెండేళ్లయింది. గోడ గట్టిపడింది. దానికిక నీళ్లు పట్టే పని లేదు.