అమ్మ గేదెతో చెప్పుకున్న మాటలు

నేను ఎవరి గొంతైనా అచ్చం దించేస్తాను. కాలేజీలో మిమిక్రీకి కప్పులు తెచ్చుకున్నదాన్ని. ప్రిన్సిపాల్, బస్సు కండక్టర్, ఎన్నికల ఆటో మైకు, అన్నీ నా నాలుక మీదే ఉండేవి. అందరికంటే బాగా కుదిరింది మా అమ్మ గొంతు. వెల్దుర్తి దగ్గర మా ఊళ్ళో నేను ఆ గొంతుతో ఒక్క కేక పెడితే, నాన్న ఎక్కడున్నా "వస్తన్నా" అని పలికేవాడు. ఆ గర్వాన్ని చివరికి మా గేదె ఒక్క తన్నుతో దించింది.

ఆ గేదె తొలి ఈతలోనే దూడను పోగొట్టుకుంది. దూడ లేని గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు వదలదు. వెనకటివాళ్ళు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్ళట. నాన్న అదే చేద్దామన్నాడు.

"కడుపుకోతలో ఉన్నదాన్ని బొమ్మతో ఏమారుస్తారా? బుద్ధుందా మీకు?" అని అమ్మ కడిగేసింది. తనే దాని పక్కన కూర్చుని, పొదుగు నిమురుతూ చిన్నగా ఏవో మాటలు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అది చేపింది. అయితే అమ్మకు మాత్రమే.

ఆ గేదె కోసమే అమ్మ గర్భసంచి ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది. ఒంట్లో రక్తం తగ్గిపోతోంది, ఇంక ఆగితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాక, పోయిన ఏడాది నరసరావుపేట ఆస్పత్రిలో చేర్పించాం. పరీక్షలన్నీ అయ్యాక ఆపరేషన్. పిన్నిని తోడు పెట్టి, గేదె సంగతి నేను చూసుకుంటానని గుంటూరు నుంచి సెలవు పెట్టి ఊరికి వచ్చాను.

సాయంత్రం అమ్మ చీర కట్టుకుని, ముందు తవుడు పెట్టి, పొదుగు కడిగి, "ఏమే, కాలు తియ్యి" అని అమ్మ గొంతు ఎత్తుకున్నాను. గోడ అవతల నుంచి పక్కింటి పెద్దమ్మ, "ఏమే, అప్పుడే వచ్చావా ఆస్పత్రి నుంచి?" అంది. పెద్దమ్మ నమ్మింది గానీ గేదె నమ్మలేదు. ఒక్క తన్నుకి బకెట్ గాడి కింద పడింది.

అంతలో అమ్మ ఫోను. "చేపిందా?"

"చేపింది."

"రేపు ఆ పాలు సీసాలో పోసుకురా. చూస్తేగానీ నమ్మను. లేకపోతే మజ్జానం బస్సుకి వచ్చేస్తా."

అన్నంత పనీ చేసే మనిషి. వేరే ఇంటి పాలు తీసుకెళ్తే వాసనతోనే పట్టేస్తుంది.

తెల్లవారి లేచేసరికి నాన్న లుంగీ మీదే అమ్మ పాత నీలం చీర చుట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని పాకలోకి పోతున్నాడు. కొంగులోంచి మీసాలు కనబడుతున్నాయి. నాకు నవ్వాగలేదు.

"నవ్వమాక. అది బెదురుద్ది," అన్నాడు.

అమ్మ కూర్చునే వైపే కూర్చుని, గేదె డొక్కకు నుదురు ఆనించాడు. గొంతేమీ మార్చలేదు. ఆ బొంగురు గొంతే బాగా తగ్గించి, అమ్మ మాటలు అమ్మ నిదానంతో మొదలుపెట్టాడు.

"ఏమే నా తల్లీ... కాళ్ళు చానా లాగుతున్నయ్యే. ఎవరితో చెప్పుకోను? ఈ మనిషున్నాడే, మిరప చేనుకి తడి అందిందా అని పదిసార్లు చూసొస్తాడు. ఇంట్లో మనిషిని తిన్నావా అని ఒక్కనాడన్నా..."

అక్కడ నాన్న ఆగిపోయాడు. గేదె మాత్రం ఆగలేదు. పాలు సర్రుమని బకెట్లో పడ్డాయి.

నేను నేర్చుకున్నది అమ్మ మమ్మల్ని కేకలేసే గొంతు. అది ఊరందరికీ తెలుసు. గేదెతో మాట్లాడే అమ్మను నేనెప్పుడూ వినలేదు. పాక ఇవతల మంచం మీద, ఏమీ పట్టనట్టు చుట్ట కాల్చుకునే ఈ మనిషి ఒక్క మాట పోకుండా విన్నాడు. నాన్న మీద నాకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. అంత విన్నవాడు ఒక్కసారి అడిగితే ఏం పోయేది?

నాన్నా నేనూ ఆస్పత్రికి తీసుకెళ్తే, అమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. మూతలో కాసిని పోసుకుని తాగింది.

"దానివే," అంది. "ఎవరు పిండారు?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, ఫ్యాను వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"తిన్నావా?"

పిన్ని చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. అమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"ఏందయ్యా, అది నీకు చెప్పిందా?"

నాన్న తల ఊపాడు.

అమ్మ కాసేపు కిటికీ వైపు తిరిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంటికి పోయే మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఇంకా తినలా," అంది.

నాన్న ఇడ్లీ పొట్లం విప్పాడు.