కార్బన్ కవర్లు అతికించిన శుక్రవారం

మస్కట్ నుంచి మా ఆయన బండికి కవర్లు పంపాడని తెలిసినప్పుడు నాకు ముందు కోపమే వచ్చింది. నెలల తరబడి పెళ్లానికి ముఖం చూపించని మనిషి, బండికి మాత్రం నగలు చేయించి పంపాడు.

కిందటి సెలవులో వచ్చినప్పుడు జగిత్యాలలో కొన్న మోటార్ సైకిల్ అది. ట్యాంకు కింద రెండు పక్కలా దాని ఫ్రేము బయటికి కనిపిస్తుంది. నడిపేటప్పుడు మోకాళ్లు రాసుకుని అక్కడ రంగు పోతోందని ఆయన బెంగ. ఆయన పనిచేసే వర్క్‌షాపులో కార్బన్ ఫైబర్ షీట్లు కోసి బండ్లకు తొడుగులు చేస్తారు. మన బండి కొలతకు ఒక జత తనే చేశానని, సెలవుకు వస్తున్న రూమ్మేట్ చేత పంపుతున్నానని ఫోన్‌లో చెప్పాడు. ఆ ఫోన్ కూడా వట్టి మాటలే. అంతకుముందు ప్రతి శుక్రవారం వీడియోలో కనిపించేవాడు. ఇప్పుడు నెట్ రావడం లేదంటాడు, రూములో అందరూ పడుకున్నారంటాడు. నాకు ఏదో తేడాగా ఉంది. ఇంకో ఆడది ఉందేమో అన్నంత దాకా పోయింది నా బుద్ధి.

పార్సిల్ తెచ్చుకోవడానికి ఆ రూమ్మేట్ ఊరు బుగ్గారం వెళ్లాను.

"తమ్మీ, మా ఆయన ఎట్లున్నడు?"

"మంచిగున్నడు వదినా."

అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఎవరి గురించైనా చెప్పే మాటే అది. కానీ మిగతావాళ్లు అడగకముందే ఫోన్ తీసి, రూములో వండుకున్న బిర్యానీ దగ్గర్నుంచి అన్నీ చూపిస్తారు. ఇతను ఫోన్‌ని మంచం మీద బోర్లా పెట్టాడు.

"ఫోటోలేమన్న ఉన్నయా?"

"ఫోన్ కొత్తది వదినా. పాతయన్ని పోయినయి."

లేచి వస్తుంటే అతని భార్య నన్ను ఆపి బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ చేతిలో పెట్టింది. పార్సిల్ కోసం వచ్చినదానికి జాకెట్ గుడ్డ ఎందుకు? నా కళ్లలోకి మాత్రం చూడలేదు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. మా ఊరు కోరుట్ల దాకా ఆటోలో కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నామె ఏదో అడుగుతోంది, నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఆ శుక్రవారం నేనే వీడియో కాల్ చేశాను. కవర్లు ఎట్లా పెట్టాలో చూడకుండా చెప్పలేవు కదా అని పట్టుబట్టాను. ఎత్తాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. ముఖం తప్ప ఇంకేమీ కనిపించకుండా ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. ఫోన్ మా అత్త చేతికిచ్చి, కెమెరా బండి వైపు తిప్పి, నేను కింద కూర్చున్నాను. ఇక స్క్రీన్ ఆమెకే కనిపిస్తుంది, నాకు ఆయన గొంతు మాత్రమే.

"ముందు స్పిరిట్‌తోని తుడువు. నూనె మరక ఉంటే అంటదు."

తుడిచాను. కవరు ఊరికే ఆనించి చూశాను. సరిగ్గా కూర్చుంది, నల్లగా, లోపల నేత నేసినట్టు మెరుస్తూ. కొలత తప్పలేదు మనిషి అనుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

"ఇప్పుడు కవరు ఎనకాల టేపు మీది కాగితం తియ్యి. కొస పంటితోని పట్టుకొని గుంజు."

గోళ్లు ఉండగా పళ్లెందుకు? రోజంతా బీడీలు చుట్టే వేళ్లు నావి. గోటితోనే లాగేశాను.

"కవరును మోకాలుతోని ఆనిచ్చి పట్టు. చేతితోని కింది మూల సరిజెయ్యి. అయినంక మోచేతితోని పై దాకా వత్తుకుంట రా."

శ్రద్ధగా చెబుతున్నాడు, అలవాటైన పనిని చెప్పినట్టు. నేను రెండు అరచేతులతో వత్తి మొదటి కవరు అతికించేశాను. రెండో పక్కకు జరిగి, మళ్లీ కాగితం కొస పట్టుకున్నప్పుడు సిరిసిల్లలో మా నాన్న గుర్తొచ్చాడు. మరమగ్గం బెల్టులో చేయి పోయాక ఆయన దారం ముడి పంటితో విప్పేవాడు. సంచిని మోకాలికి ఆనించేవాడు. తలుపును మోచేత్తో మూసేవాడు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్ని పనులూ అట్లాగే జరిగేవి.

 కాగితం లాగి కవరు ఆనించాను. ఆనించాక వత్తక తప్పదు.

"గట్టిగ వత్తు, చెయ్యి తియ్యకు. తీస్తే వంకర వోతది," అన్నాడు ఫోన్‌లో.

"నాకు రెండు చేతులున్నయి," అన్నాను బండి వైపే చూస్తూ. "నాకెందుకు ఒంటిచెయ్యి పని నేర్పుతున్నవ్?"

 ఫోన్‌లో ఆయన రూము ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పటిదాకా నేను అనుమానించిన ఆడది నిజంగానే ఉండి ఉంటే బాగుండు అనుకున్నాను. అట్లా కోరుకున్నందుకు నాకు సిగ్గేమీ లేదు.

"చెప్పుదామనే అనుకున్న," అన్నాడు చివరికి. "అక్కడ మీరేం జేస్తరని ఆగిన. చెయ్యి షీటు కోసే మిషిన్ల వడ్డది. ఈ కవర్లు అది అయినంక చేసినయే. మెల్లగ చేసిన."

నేను తల తిప్పి మా అత్తను చూశాను.  స్క్రీన్‌లో కొడుకు ఏదో చూపిస్తున్నాడు. ఆమె ఏడవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉండిపోయింది.

"ఏ చెయ్యి అత్తా?"

 ఆమె ఫోన్ కుడిచేత్తో పట్టుకునే, తన ఎడమచేయి పైకెత్తి నాకు చూపించి, దాన్ని కొంగులో దాచుకుంది.

బండికి క్లచ్ పట్టే చేయి అది. నేను కవరు మీది నుంచి చేతులు తీయలేదు. ఇంకాసేపు వత్తాలని ఆయనే చెప్పాడు.