పదకొండు రోజుల నర్సు

మొన్న చోడవరం నుంచి రావికమతం వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, పద్దెనిమిదేళ్లుంటాయేమో, ఫోనులో ఏదో పొడుగాటి జాబితాని వేలితో పైకి తోసుకుంటూ పోతోంది. చివరికంటా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా చివరికి వెళ్లింది. ఆ వేలి నడక నాకు బాగా తెలుసు. తొంగిచూడటం మర్యాద కాదు కాబట్టి కొంచెమే తొంగిచూశాను. నర్సింగ్ సీట్ల జాబితా. ఆ పిల్ల ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని, రోడ్డు పక్కన చెరుకు తోటల వైపు చూస్తూ కూర్చుని, దిగాల్సిన చోట దిగి వెళ్లిపోయింది. ఒకరి మోచేయి ఇంకొకరి పక్కటెముకల్లో గుచ్చుకునేంత ఇరుకులో కూర్చున్నాం, అయినా ఆ పిల్లకి ఏం జరిగిందో ఆటోలో ఎవరికీ తెలీలేదు.

ముప్పై ఏళ్లకే జ్ఞాపకాలు రాయడమేమిటని మీరనవచ్చు. అరవై వచ్చేదాకా ఆగితే ఇవన్నీ గుర్తుండవని నా భయం, పైగా మోకాలి నొప్పి ఎలాగూ ముందే వచ్చేసింది కాబట్టి అర్హత ఉన్నట్టే. ఇది ముఖ్యంగా మన ఈడు వాళ్ల కోసం, అంటే ఫలితాలు చూసుకోవడానికి తలదువ్వుకుని, మంచి బట్టలేసుకుని నెట్ సెంటరుకి వెళ్లినవాళ్ల కోసం.

నర్సునెందుకు అవుతానంటున్నానని అడిగినవాళ్లందరికీ తెల్లబట్టలు ఉతకడం సరదా అని చెప్పేదాన్ని. అసలు సంగతి వేరే. ఆరో తరగతిలో టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సూది గుచ్చడానికి నరం దొరక్క అందరూ విసుక్కుంటుంటే, ఒక నర్సమ్మ వచ్చి నా చేతిని ఒళ్లో పెట్టుకుని, దాక్కున్న పిల్లని పిలిచినట్టు ఆ నరాన్ని పిలిచింది. అది వచ్చింది. ఆ తరువాత ఆరేళ్లపాటు నా కళ్లకి ఇంకో ఉద్యోగం కనిపించలేదు. తరగతిలో కూర్చుని కిటికీలోంచి చూస్తే, బయట ఉన్న గోడ కాస్తా వార్డు గోడైపోయేది, మధ్యాహ్నపు ఎండ తెల్ల దుప్పటిలా పరుచుకునేది. లెక్కల మేష్టారు పిలిచి లేపేదాకా నేను డ్యూటీలోనే ఉండేదాన్ని.

నాన్న చోడవరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. రేషను, పింఛను, ఇళ్ల స్థలాలు, పంట నష్టం, ఇలా ఆయన ఉద్యోగమంతా జాబితాలే. పేరుంటే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. లోకంలో ఇంకో రకం జాబితా కూడా ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది అడ్మిషన్లన్నీ ఆలస్యమై చెరుకు నరికే రోజుల దాకా వచ్చాయి. బస్సు కాంప్లెక్సు దగ్గర నెట్ సెంటర్లో ఆ పేజీలన్నీ తెరిపించి, ఆఫీసులో అలవాటు కొద్దీ కంప్యూటరు తెరకి స్కేలు ఆనించి ఒక్కొక్క వరసా దింపుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, స్కేలు తియ్యకుండానే నావైపు చూశాడు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా నా పేరు. పక్కన నాలుగంకెల సంఖ్య ఉందేమిటి నాన్నా అంటే, అది దరఖాస్తు నంబరై ఉంటుందిలే అన్నాడు. అది దరఖాస్తు పెట్టిన ప్రతివాళ్లకీ మార్కుల వరసలో చోటిచ్చిన జాబితా అనీ, సీటు వచ్చినవాళ్ల జాబితా వేరే వస్తుందనీ మాకిద్దరికీ తెలీదు. నాకు కాస్త అనుమానం తగిలిన మాట నిజమే, కానీ నాన్న మొహం అంతలా వెలిగి ఉండగా దాన్ని బయటపెట్టలేకపోయాను. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే నేను, సరిగ్గా ఆడాల్సిన చోట నోరుమూసుకున్నాను.

రావికమతం దగ్గర మా ఊళ్లో మామ్మకి కబురు అందేసరికి చెరుకు గానుగ ఆడుతోంది, పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. మా వైపు చెరుకు రోజుల్లో ఇంట్లో మంచి జరిగితే ఆ రోజు పెనంలోంచి దించిన వేడి బెల్లాన్ని అరిటాకు ముక్కల్లో పెట్టి ఇంటింటికీ పంపుతారు. మామ్మ వీధి వీధంతా పంపింది. మర్నాటికల్లా నేను నర్సునైపోయాను.

ఆ పదకొండు రోజులూ నాకిప్పటికీ కలలోలాగే గుర్తొస్తాయి. ఇంటర్ అయిపోయి పనేమీ లేక ఊళ్లోనే ఉండిపోయాను. పొద్దున్నే మంచు, మంచులో పొయ్యి పొగ, పొగలో తీపి వాసన, వాటి మధ్యలోంచి ఎవరో ఒకరు రక్తపరీక్ష కాగితం పట్టుకుని మెల్లగా నడిచొచ్చేవారు. నేను ఆ కాగితాన్ని చాలాసేపు గంభీరంగా చూసి, డాక్టరు గారిని కలవమని చెప్పేదాన్ని. అంత సరైన వైద్యం ఆ వీధికి అంతకుముందు అందలేదు.

వీధి చివరింట్లో, నాన్నకి పెద్దమ్మ వరసయ్యే పెద్ద మామ్మ, తుంటి విరిగి మంచం మీదే ఉండేది. ఆవిడ కోడలు, నాకు పిన్ని వరస, నన్ను పిలిచి, నర్సువి అవుతన్నావు గదా ఇలారా అని, పెద్ద మామ్మని నొప్పి తెలీకుండా పక్కకి ఎలా తిప్పాలో, వీపు తడిగుడ్డతో ఎలా తుడవాలో నేర్పింది. పని తెలిసింది పిన్నికి, పేరు నాకు. రోజూ మధ్యాహ్నం వెళ్లి తిప్పేదాన్ని. ఆవిడ వీపు మీద కిటికీ ఊచల నీడలు పడేవి, నేను తుడుస్తుంటే అవి కూడా చెరిగిపోతాయేమో అనిపించేది.

పన్నెండో రోజున రెండో జాబితా వచ్చిందంటే నేనూ చోడవరం వెళ్లాను. నాన్న స్కేలు మూడుసార్లు దించాడు. నెట్ సెంటరతను, అంతకుముందు చూసింది దరఖాస్తు పెట్టినోళ్లందరిదీ సార్ అని మెల్లగా చెప్పాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సినిమాలో అయితే అక్కడ వీణ వినిపించాలి, మాకు జిరాక్స్ మిషను వినిపించింది.

ఆ సాయంత్రం ఊరెళ్లి చెప్తే మామ్మ పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తూ, తల తిప్పకుండానే మొత్తం విన్నది. తప్పు నాదేనమ్మా అని నాన్న మొదలెట్టబోతే ఆపేసింది.

"నీ తప్పు తరవాత సూద్దారి గానీ, బెల్లం ఎన్నిళ్లకెల్లినాదో అన్నిళ్లకీ ఎల్లి సెప్పాల. ఒసే గుంటా, లెగు. నీ నోటితోనే సెప్పు."

నేను రానన్నాను. రేపటికి వాళ్లకే తెలుస్తుందన్నాను. తలుపేసుకుని పడుకుంటానన్నాను.

"పడుకుందువులే. ముందు సెప్పేసి పడుకో," అంది మామ్మ, చేతులు కడుక్కుంటూ.

మొదటింట్లో నా గొంతు నాకే వినిపించలేదు. ఆ ఇంటి చిన్నాన్న రెండోసారి చెప్పించుకుని, "రానేదా. మరి బెల్లం తినేసినాం గదే," అన్నాడు.

"తిన్నది తిరిగిమ్మని అడగన్లేరా," అంది మామ్మ.

పక్కింటి అత్త తన కొడుకు సంగతి ఎత్తుకుంది. "మావోడు పోలీసు సెలక్షన్లకి రెండుసార్లెల్లేడు. రెండుసార్లూ ఒక అంగుళం తక్కువన్నారు. మద్దిలో ఏడాది గేపుంది గదా, అప్పుడైనా ఎదగొద్దా ఆడు?" మూడో ఇంట్లో, మొన్ననే మోకాలి మాత్ర తెచ్చి నన్ను సలహా అడిగిన తాతకి నా సీటు కంటే తన మోకాలే ముఖ్యం. "అయితే ఆ మాత్తర ఏసుకోవాలా, మానాలా?" అన్నాడు. డాక్టరు చెప్పింది వేసుకో తాతా, నేను చెప్పింది మానెయ్ అన్నాను. ఆ రోజు నేనన్న మొదటి సరైన మాట అదే, మామ్మ కూడా నవ్వింది. అక్కణ్నుంచి ప్రతి గుమ్మంలోనూ ఎవరికి ఏం రాలేదో విన్నాను. ఒకరికి బావిలో నీళ్లు పడలేదు, ఒకరికి పెళ్లిచూపులవాళ్ల నుంచి జవాబు రాలేదు. పదో ఇల్లు దాటేసరికి సీటు రాలేదన్న మాట, కరెంటు పోయిందన్నంత మామూలుగా నా నోట్లోంచి వస్తోంది.

చివరింటి ముందు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. పిన్నితో చెప్పాను. పెద్ద మామ్మకి చెవుడు కాబట్టి మంచం దగ్గరికెళ్లి, చెవిలో నోరుపెట్టి గట్టిగా మళ్లీ చెప్పాల్సొచ్చింది. సీటు రాలేదు, నేను నర్సుని అవ్వట్లేదు, అని.

పెద్ద మామ్మ నావైపు అయోమయంగా చూసింది.

"సీటు నేకపోతే నన్ను తిప్పవేటి?"

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఈ చోట ఏదో ఒక హాస్యం ఆడి తప్పించుకోవాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, ఒక్కటీ దొరకలేదు. ఏడుస్తూనే ఆవిడ భుజం కింద ఒక చెయ్యీ, నడుం కింద ఒక చెయ్యీ పెట్టి, పిన్ని నేర్పినట్టే తిప్పాను. వీపు తుడిచాను. ఆవిడ, హమ్మయ్య అని కళ్లు మూసుకుంది. ఆ చెరుకు రోజులు అయిపోయేదాకా రోజూ వెళ్లి తిప్పాను.

మరుసటేడు మళ్లీ దరఖాస్తు పెట్టాను, మళ్లీ రాలేదు. ఈసారి తెలివిమీరి ముందుగా ఎవరికీ చెప్పలేదు, బెల్లం పంచలేదు, అందుచేత వెళ్లి చెప్పాల్సిన ఇల్లు ఒక్కటీ లేదు. ఆ రెండోదే చాలా రోజులు సలిపింది. తరువాత డిగ్రీలో చేరాను, ఇప్పుడు చోడవరంలో పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్నాను. గుండెకి నాలుగు గదులని బోర్డు మీద గీస్తుంటే, ఎప్పుడైనా ఒక్కోసారి కిటికీ బయట ఎండ తెల్లగా పరుచుకుంటుంది, నేను కాసేపు డ్యూటీకి వెళ్లొస్తాను. పిల్లలు అల్లరి మొదలెట్టేదాకా ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఫలితాలు సూటిగా, పొరపాటన్నది లేకుండా, ఎవరిది వాళ్ల చేతిలోకే వచ్చేస్తున్నాయి. మంచిదే. మన రోజుల్లో పొరపాట్లు ఎక్కువ, ఒకటి జరిగితే దిద్దుకోవడానికి నలుగురి గుమ్మాలెక్కాల్సొచ్చేది. మొదటి గుమ్మంలో నేను ఎత్తలేకపోయిన ఆ ఒక్క మాట, వీధి చివరికొచ్చేసరికి అరిగి అరిగి నా చేతిలో పట్టేంత అయింది. పొరపాటు పడి ఊరంతా ముందే సంతోషించేసే మనుషులు లేని ఇళ్లల్లో, ఆటోలో ఆ పిల్లలాంటివాళ్లు ఆ మాటని అంతంత బరువుతోనే ఎక్కడ దింపుకుంటున్నారో, అసలు దింపుకుంటున్నారో లేదో, నాకు తెలీదు.