గంట వెనకబడ్డ వేడినీళ్లు

గొట్టం మీద అరచెయ్యి ఆనించి లోపలి నీళ్ల వేడి చెప్పేస్తాడని అందరూ అతన్ని అరచెయ్యి మేస్త్రీ అంటారు. ఎవరి దగ్గరా నేర్చుకున్న పని కాదు. పాడైన పంపులు విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. పని మధ్యలో ఎవరైనా కబుర్లు మొదలెడితే చేతిలో పానా పెట్టి కాస్త పట్టుకోమంటాడు.

అలాంటివాడికి సొంత అక్క ఇంట్లోనే పరువు పోయేలా ఉంది.

అక్క దుకాణానికి బట్టలు కుట్టి ఇస్తుంది. ఈమధ్య పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. పావుగంట వేడినీళ్లలో పెడితే గాని సూది పట్టుకోలేదు. గీజరేమో మేడ మీద, వంటింటి కుళాయేమో ఇంటికి ఆ చివర. రెండు బకెట్ల చన్నీళ్లు పోయాక గాని వేడినీళ్లు రావు. విసిగిపోయి, చేతిలో ఉన్న పని ముగించి, వచ్చే ఆదివారం కుట్టుమిషను ఆడపడుచుకి ఇచ్చేస్తానంది.

మేస్త్రీ ఊరుకోలేదు. కుళాయి దగ్గర్నుంచి గీజరుకి తిరుగు గొట్టం వేసి, చిన్న పంపు పెట్టాడు. గొట్టంలో చల్లారిన నీళ్లని పంపు వెనక్కి తోస్తే, వాటి స్థానంలోకి వేడినీళ్లు వచ్చి కుళాయి దగ్గర సిద్ధంగా ఉంటాయి. రోజంతా తిప్పితే గోడలు వేడెక్కడం తప్ప ఎవరికీ లాభం లేదు. అందుకని వేళకి పంపుని లేపడానికి, కరెంటుతో రోజుకో చుట్టు తిరిగే చక్రం టైమరు ఒకటి వంటింటి ప్లగ్గుకి తగిలించాడు. వాచీ చూస్తూ గొట్టం మీద చెయ్యి పెట్టి కొలిచాడు. పంపు మొదలైన తొమ్మిది నిమిషాలకి వేడి అందింది. అక్క కుళాయి తిప్పేది ఐదున్నరకి. టైమరు ఐదూ ఇరవైకి పెట్టాడు.

సోమవారం పొద్దున కుళాయి తిప్పగానే వేడినీళ్లొచ్చాయి. మంగళవారం రాలేదు, బుధవారమూ రాలేదు. గురువారం బావ ఫోన్ చేశాడు.

“నీ పంపు అచ్చం చిన్నప్పటి నీలాగే ఉందోయ్. నిన్న ఏడు దాటాక లేచింది. ఇవాళ ఎనిమిది దాటి నేను చెప్పులేసుకుంటుంటే లేచింది. రేపు పీకించేస్తున్నా.”

మేస్త్రీ కంగారు పడలేదు. తప్పుతున్నది నీళ్ల వేళ కాదు, పంపు లేచే వేళ. అదీ రోజుకి సరిగ్గా గంట. పాడైన వస్తువు ఇంత లెక్కగా పాడవదు. ఎవరిదో చెయ్యి ఉంది.

ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. అక్క కుట్టిన బట్టలు సంచీలో సర్దుకుని దుకాణానికి బయల్దేరుతోంది. గదిగదికీ తిరిగి ఫ్యాను ఆపింది, లైటు ఆపింది. చివరికి వంటింట్లో, చూడనైనా చూడకుండా, ఆ ప్లగ్గు స్విచ్చు కూడా టిక్కున నొక్కింది. టైమరు చక్రం ఆగిపోయింది.

“అక్కా, రోజూ ఇలాగే ఆపేస్తావా?”

“తాళం వేసి పోతూ ఆపకపోతే ఎలారా? ముప్పై ఏళ్ల అలవాటు. రాగానే మళ్లీ వేస్తాగా.”

“వచ్చేసరికి ఎంతసేపవుతుంది?”

“గంట.”

మేస్త్రీ నవ్వాడు. నీళ్ల నడక కొలిచాడు గాని, అక్క నడక కొలవలేదు. టైమరు రోజూ మధ్యాహ్నం ఆమెతోపాటే గంటసేపు సెలవు తీసుకుంటోంది. సంగతి తెలిశాక అక్క నొచ్చుకుని, ఇకమీదట ఆపనులే అంది.

“నువ్వు గుర్తుపెట్టుకుంటేనే నడిచే పని నేను చెయ్యనక్కా” అన్నాడు.

పంపునీ టైమరునీ, స్విచ్చులు ఆపడానికి అక్క ఎక్కని మేడ మీదికి, గీజరు గూట్లోకి మార్చాడు. వేళ సరిచేసి, కుళాయి దగ్గర మళ్లీ చెయ్యి పెట్టి కొలిచాడు. అవే తొమ్మిది నిమిషాలు.

శుక్రవారం తెల్లవారకముందే వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. బావ కూడా తమాషా చూడ్డానికి దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఐదూ ఇరవైకి మేడ మీద పంపు సన్నగా గుర్రుమంది. ఐదున్నరకి అక్క కుళాయి తిప్పింది. మొదటి దోసిట్లోనే ఆవిరి లేచింది. పావుగంట అయ్యాక చేతులు తుడుచుకుని సూదిలో దారం ఎక్కించింది, రెండో ప్రయత్నానికే.

“మిషను ఇవ్వట్లేదని మీ చెల్లెలికి చెప్పండి” అంది మొగుడితో.

బావ గొంతు సవరించుకున్నాడు. “రేపు కూడా లేస్తుందంటావా ఇది?”

“అది లేస్తుంది బావా. నీ సంగతి చూసుకో.”

ఆ మధ్యాహ్నం అక్క బట్టల సంచీ తగిలించుకుని, వెళ్లబోతూ వంటింట్లో ఖాళీ ప్లగ్గు స్విచ్చుని టిక్కున ఆపింది. గుమ్మంలో ఉన్న మేస్త్రీ చూశాడు. తాళం వేసేదాకా సంచీ పట్టుకున్నాడు.