అంచులో సీసం

దక్షిణాఫ్రికాలో టోంగాట్ అనే ఊళ్ళోని ఆ చిన్న చర్చిలో బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ మోరీన్ కుట్టిన తెల్ల అంగీతోనే నీళ్ళలోకి దిగాడు. దిగనిది ఒక్క మోరీనే. ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తాను బ్రహ్మచారిగా మిగిలిపోయిన పెళ్ళిళ్ళ పేరయ్యలాంటి కథ ఇది. పేరయ్య పిల్ల దొరక్క ఆగిపోయాడేమో గాని, మోరీన్‌కు అడ్డమొచ్చింది మాత్రం ఆమె ఒళ్ళే.

ముందు ఆ అంగీ సంగతి చెప్పాలి. మెడ నుంచి పాదాల దాకా వదులుగా ఉండే ఆ అంగీ, నీళ్ళలోకి దిగగానే గాలి పట్టి ఉబ్బి, నడుము పైకి లేచిపోతుంది. మొదట్లో ఒక ముసలాయనకు అలాగే జరిగి, దేవుని సన్నిధిలో చూడకూడనివి అందరూ చూశారు. ఆ తరవాత మోరీన్ ఒక ఉపాయం కనిపెట్టింది. భర్త జే చేపల గాలాలకు కట్టుకునే సీసం గుండ్లు, వాళ్ళు సింకర్లు అనేవి, ఓ అరడజను తీసి అంచు మడతలో పెట్టి చేత్తో కుట్టేసింది. ఒకే పొడుగు దారం, ఎడమ పక్క ఒకే ముడి. ఆరాధన అయ్యాక ముడి విప్పి లాగితే దారమంతా సర్రున వచ్చేస్తుంది, గుండ్లు తిరిగి జే డబ్బాలోకి చేరతాయి. ఆదివారం మధ్యాహ్నం గాలం వెయ్యకపోతే జేకి ఆరాధన పూర్తయినట్టుండదు మరి.

మోరీన్ నీళ్ళంటే భయపడే మనిషేం కాదు. తండ్రి కిష్టసామి చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆదివారాలు పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళేవాడు. మెత్తటి ఇసుక ఉన్న ఒడ్డూ, అలలు మీద పడకుండా రాళ్ళ గోడ కట్టిన మడుగూ అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్ళవి. ఇండియన్లకు మిగిలింది బండరాళ్ళ ఒడ్డు. ఆ బండల సందులోనే కిష్టసామి కూతురి వీపు కింద అరచెయ్యి పెట్టి, "వొళ్ళు వొదిలెయ్యమ్మా, నీళ్ళు మోస్తాయి నిన్ను" అనేవాడు. పిల్ల ఒళ్ళు వదిలేసేది. వెల్లకిలా తేలుతూ, చెవుల్లో నీళ్ళ హోరు వింటూ ఉంటే అంత సుఖం ఇంకెక్కడా ఉండదనిపించేది. రాళ్ళ గోడ మడుగును మాత్రం దూరం నుంచి చూడటమే.

ఇరవై ఏళ్ళకు జేని పెళ్ళి చేసుకుంది. అప్పట్లో చెరుకుగడలా ఉండేదని అత్త సావీ ఇప్పటికీ చెబుతుంది. తరవాత బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కొన్నేళ్ళు, ఇంట్లో మిషను ముందు అంతకన్నా ఎక్కువేళ్ళు గడిచాయి. ఒళ్ళు ఒక్కరోజులో రాదు, దొంగలా వస్తుంది. కూతురు షనీస్ పుట్టాక కొంత, గర్భసంచి తీశాక కొంత, నలభై దాటాక ఎవరూ పిలవకుండానే మరికొంత వచ్చింది. కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి తన రవికల లోపల మూడేసి వరసల కుట్లు వేసి ఉంచుకునేది, ఇరుకైనప్పుడల్లా ఒక వరస విప్పుకునేది. విప్పడానికి కుట్టు మిగలని రోజు చంక కింద గుడ్డ అతికింది. అదీ చాలని రోజు, బట్ట కుంచించుకుపోయిందని సబ్బును తిట్టింది.

ఊరందరి కొలతలూ తీసే మనిషి, తన కొలత తీసుకోవాలంటే మాత్రం తలుపు గడియ పెట్టి, ఊపిరి బిగబట్టి టేపు చుట్టుకునేది. టేపుకు అబద్ధం చెప్పొచ్చు గాని గౌనుకు చెప్పగలమా? వేసుకోగానే చంకల్లో కోసుకునేది. ఫోటోల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నిలబడేది. అన్ని రంగులవాళ్ళకూ ఓటొచ్చిన తొంభై నాలుగు ఏప్రిల్‌లో, జీవితంలో మొదటి ఓటు కోసం పొద్దున్నించీ ఎండలో నిలబడ్డ మనిషి, ఇంటికొచ్చి అద్దం ముందు ఒక్క నిమిషం నిలబడలేకపోయింది.

"నీ వొళ్ళు నీదే గదే! అద్దెకి తెచ్చుకున్నట్టు ఆ దాసుకోడం ఏటి?" అని సావీ కసిరేది. ఇంట్లో అందరి మాటా ఇంగ్లీషే. తిట్లకు మాత్రం సావీ అసలు తెలుగే వాడేది. ఆమె చర్చికి రాదు, పొద్దున్నే దీపం పెట్టుకుంటుంది. కోడలు యేసయ్యను నమ్ముకుంటే ఆమెకేం అభ్యంతరం లేదు, కోడలు ముందు గదిలోకి రాకుండా వంటింట్లోనే దాక్కుంటేనే ఒళ్ళు మంట.

నలభయ్యో ఏట మోరీన్, జే ఈ చర్చిలో చేరారు. జే ఆ ఏడాదే మునిగి లేచాడు. మోరీన్‌కు ఒకసారి బీపీ అడ్డమొచ్చింది, ఒకసారి దగ్గు, ఒకసారి ఎవరిదో పెళ్ళి. నీళ్ళలో మునగనివాళ్ళు ప్రభువు బల్లలో పాలుపొందకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం వరసల మధ్య తిరుగుతూ దగ్గరికొచ్చేసరికి, మోరీన్ హ్యాండ్‌బ్యాగులో లేని రుమాలు వెతుక్కునేది. పళ్ళెం ఆమెను దాటి వెళ్ళిపోయేది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళ కిందట ఏట్లో పాస్టర్ నేథన్, సిస్టర్ పమేలాను ముంచాడు గాని లేపలేకపోయాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు. గట్టు మీది జనం నవ్వు ఆపుకోలేకపోయారు. పమేలా భారీ మనిషి. ఆ తరవాత మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. పాస్టర్ నేథన్ మంచివాడే, కాకపోతే గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. పమేలా అంగీకి అంటిన బురద ఉతుకుతూ మోరీన్ గట్టిగా అనుకుంది, సంగతేదో పరలోకం గుమ్మం దగ్గరే తేల్చుకుందాం గాని, నన్ను లేపమని ఈ బక్కమనిషిని అడిగేది లేదని.

ఆ ఏడు డిసెంబరులో బాప్తిస్మాలు రాళ్ళ గోడ మడుగులో జరుగుతాయని పాస్టర్ ప్రకటించాడు. ఒడ్డున 'తెల్లవాళ్ళకు మాత్రమే' అనే బోర్డులు పీకేసి కొన్నేళ్ళయినా, చర్చి మొత్తం కదిలి అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఈసారి షనీస్ కూడా దిగుతానంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, గుండ్రటి ముఖం, తల్లి పోలికే. మోరీన్ సంబరంగా టేపు తీసుకుని అంగీకి కొలతలు తియ్యబోయింది. టేపు నడుముకు తగలగానే పిల్ల పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టింది.

మోరీన్ చెయ్యి ఆగిపోయింది. ఈ విద్య పిల్లకు తానెప్పుడు నేర్పింది? తలుపు గడియ పెట్టుకునే కదా చేసింది!

"మా, నేను దిగను" అంది షనీస్ ఉన్నట్టుండి. "తడిస్తే అంతా కనిపిస్తుంది. పమేలా ఆంటీని చూసి నవ్వినట్టే నన్ను చూసి నవ్వుతారు."

"దేవుడి పనికి సిగ్గేంటే?"

"నువ్వు దిగావా?"

మోరీన్ టేపు తీసి మెళ్ళో వేసుకుంది. పిల్ల వైపు చూస్తే, పళ్ళెం దాటిపోతున్నప్పుడల్లా రుమాలు వెతుక్కునే ఇంకో ఆడది కనిపించింది.

"నేను దిగుతా" అంది. నోరు జారింది, ఇక వెనక్కి తీసుకునేదెక్కడ! "నీకన్నా ముందు నేనే దిగుతా. నువ్వు ఒడ్డున నిలబడి చూడు. నవ్వేవాళ్ళు నన్ను చూసే నవ్వనీ."

అనడమైతే అంది గాని, ఆ వారమంతా తిండి సయించలేదు. షనీస్‌కు కంటి కొలతతో అంగీ కుట్టి పెట్టి, తన అంగీ కుట్టుకుంది. అరడజను గుండ్లు అంచులో పెట్టింది. అంగీ వెడల్పు ఎక్కువ కదా, తేలిపోతుందేమోనని ఇంకో గుప్పెడు పెట్టింది. తన కాళ్ళు లోకానికి కనిపిస్తాయేమోనని మర్నాడు మరికొన్ని. చివరికి అలల అవతలికి విసరడానికి జే దాచుకున్న పెద్ద గుండ్లు కూడా అంచులోకి చేరాయి.

"నా సింకర్లేమయ్యాయి? ఎలకలు గాని తిన్నాయా?" అని జే ఖాళీ డబ్బా ఊపి చూపించాడు.

"సీసం తినే ఎలకని నువ్వే సేసుకున్నావు గదా నాయనా" అంది సావీ, కోడలి వైపు చూడకుండా.

బాప్తిస్మం రోజున ఒడ్డంతా సెలవులకొచ్చిన జనం. గొడుగుల కింద ఎండకు ఎర్రబడ్డ తెల్లవాళ్ళు, బంతాట ఆడుకుంటున్న జులూ పిల్లలు, ఐస్‌క్రీం అమ్మేవాడు. ఇంతమంది ముందా అనుకుంది మోరీన్. సావీ మడత కుర్చీ వేసుకుని, నల్ల గొడుగు పట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. షనీస్ అంగీ మీద తువ్వాలు చుట్టుకుని, రెండు చేతులతోనూ బిగించి పట్టుకుని నిలబడింది. ఆ తువ్వాలు చూశాక మోరీన్ ఇక ఆగలేదు, నడిచింది. అడుగడుగునా అంచు చీలమండల మీద కొడుతోంది.

నడుము లోతుకు వెళ్ళాక పాస్టర్ నేథన్ ఆమె వీపు వెనక చెయ్యి వేసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాలు పలికి, వెనక్కి వంచాడు. నీళ్ళు ముఖం మీద మూసుకున్నాయి. పాస్టర్ లేపబోయాడు. మనిషి లేవలేదు. మళ్ళీ లాగాడు. అడుగున నాచు మీద ఆయన కాళ్ళే జారాయి.

అయిపోయింది, పమేలాకు పట్టిన గతే నాకూ పట్టింది అనుకుంది మోరీన్ నీళ్ళ లోపల. అంతలో చెవుల్లో ఆ హోరు వినిపించింది. బండల సందులో, తండ్రి అరచేతి మీద విన్న హోరే. ఒళ్ళు వదిలేసింది. వదిలేసరికి తెలిసింది. భుజాలు తేలుతున్నాయి, పొట్ట తేలుతోంది. పైకి పోతామని ఒళ్ళంతా మొర పెడుతోంది. కిందికి లాగుతున్నది ఒక్క అంచే. ఇన్నేళ్ళూ ఒంటిని తిట్టింది గాని, తనను ముంచుతున్నది ఒళ్ళు కాదు, సిగ్గుపడి తన చేత్తో తాను కుట్టుకున్న సీసం.

పాదాలు అడుగుకు ఆనించి, గట్టిగా తన్ని లేచింది. ఇన్నేళ్ళూ తిట్టిపోసిన ఆ తొడలే, అంత సీసాన్నీ, ఆమెనూ, ఆమె చేతికి వేలాడుతున్న పాస్టర్‌నూ కలిపి లేపాయి. పాస్టర్ నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరవుతుంటే, చంక కింద చెయ్యేసి నిలబెట్టింది.

ఒడ్డున బంతాట ఆడుతున్న పిల్లలు కూడా ఆట ఆపి చూశారు.

"సిస్టర్ మోరీన్," అన్నాడు పాస్టర్ దగ్గుతూ, "లోపల ఏం కట్టుకొచ్చారు?"

దాచి ఏం లాభం? నిండా మునిగినవాడికి చలేమిటి! "మా జే సింకర్లు, పాస్టర్" అంది గట్టిగా. "డబ్బా మొత్తం."

"దొరికిందీ ఎలక!" అని జే ఒడ్డు నుంచి కేక పెట్టాడు. జనం గొల్లున నవ్వారు. ఆమె ఇన్నేళ్ళుగా భయపడింది ఆ నవ్వుకే. తీరా వచ్చాక చూస్తే అందులో కొరికేదేమీ లేదు. తడి అంగీ ఒంటి మడత మడతకూ అంటుకుని ఉంది. మోరీన్ నడుం మీద చేతులు పెట్టుకుని, అందరికన్నా గట్టిగా నవ్వింది.

తరవాత వంగి, ఎడమ పక్క అంచు చేతికి తీసుకుని, ముడి వెతికి, విప్పి లాగింది. దారం సర్రున వచ్చేసింది. గుండ్లన్నీ జలజలా అడుగున పడిపోయాయి. అంగీ గాలి పోసుకుని పైకి లేచింది. లేవనీ! లోపల మోకాళ్ళ దాకా పాంటు ఉండనే ఉంది. మోరీన్ వెనక్కి వాలి, కాళ్ళు చాపి, చిన్నప్పుడు దూరం నుంచి చూసిన ఆ మడుగులో వెల్లకిలా తేలింది.

"తా వలసింది రంభ, తా మునిగింది గంగ అన్నారు" అంది సావీ పక్కనున్నవాళ్ళతో. "ఇయ్యాల మా ఇంట్లో రెండూ అయినాయి." చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

షనీస్ తువ్వాలు తీసి నాయనమ్మ ఒళ్ళో పడేసింది. వడివడిగా నీళ్ళలోకి నడిచొచ్చింది. పాస్టర్ ఇంకా ఆయాసపడుతున్నాడు. ఆయన చెయ్యి పక్కనే తన అరచెయ్యి కూడా పిల్ల వీపు కింద పెట్టింది మోరీన్.

"ఊపిరి వొదులు తల్లీ" అంది. "నీళ్ళు మోస్తాయి నిన్ను."

జనవరి మొదటి ఆదివారం పళ్ళెం వచ్చింది. తల్లీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చుని రొట్టె ముక్క తీసుకున్నారు. మోరీన్ నోట్లో పెట్టుకుని, నమలడం మరిచి ఏడ్చింది. ఈసారి రుమాలు నిజంగానే కావాల్సొచ్చింది. ఆ వారమే పమేలా ఇంటికి వెళ్ళి, చంకలో పెట్టుకొచ్చిన కొత్త అంగీ బల్ల మీద పెట్టి, "పద, ఈసారి నేనుంటా నీళ్ళలో" అంది. పమేలా మొదట తలుపు చూపించింది, తరవాత టీ పెట్టింది. ఫిబ్రవరి నుంచీ శనివారాలు మడుగులో ఇద్దరు భారీ ఆడవాళ్ళు తేలుతూ కబుర్లు చెప్పుకోవడం ఊరికి అలవాటైపోయింది. జే అడుగున తడిమి తడిమి సగం సింకర్లు ఏరుకున్నాడు, మిగతావి సముద్రానికి కానుక అన్నాడు.

ఒళ్ళు తగ్గిందా అంటారా? ఎందుకు తగ్గుతుంది! ఇంకాస్త పెరిగింది కూడా. ఈస్టర్‌కు కొత్త గౌను కుట్టుకోవాలని, షనీస్ చేతికి టేపిచ్చి ముందు గదిలో, వీధి తలుపు బార్లా తీసి ఉండగానే చేతులు చాపి నిలబడింది మోరీన్. పిల్ల కొలిచి అంకె పైకి చదివింది. వీధిలో పోయేవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

"సరే" అంది మోరీన్ హాయిగా ఊపిరి వదిలి. "ఇంకొంచెం వదులుగా పెట్టు. పండగ బిర్యానీ తినాలి కదా."